చెవిలో తాతగారు, పెనం ముందు వాన్‌డీ

వాన్‌డీ చెవిలో ఒక ముసలాయన కాపురముంటాడు. అద్దె ఇవ్వడు, ఖాళీ చెయ్యడు, పోనీ నోరు మూసుకుని ఒక మూల పడుంటాడా అంటే అదీ లేదు. పొద్దున్న కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి వంకలే. ఆ నడకేమిటి, ఆ చెప్పులేమిటి, జడ ఒక పక్కకి పోయింది, పులుసులో ఉప్పెక్కువైంది. పెళ్ళే చేసుకోని మనిషికి ఈ అత్తగారి పోరు ఎక్కణ్ణుంచి తగులుకుందో ఆ బుద్ధుడికే తెలియాలి. వయసులో ఉండగా ఆయన కేకలు పెట్టేవాడు. ఆ కేకలకి చదువు ఆగిపోయింది, స్నేహితురాళ్ళు తప్పుకున్నారు, ఆసుపత్రి మంచంతో పరిచయమైంది. మాత్రలు సరిగ్గా కుదిరాక కేకలు కాస్తా సణుగుడులోకి దిగాయి. ఇప్పుడు వాన్‌డీకి నలభై దాటాయి. ఆయనతో ఎలా నెట్టుకురావాలో ఆమెకి తెలుసు. పని ఎలా సంపాదించుకోవాలన్నదే తెలియలేదు.

థాయ్‌లాండ్‌లోని మా లంపూన్ ఊళ్ళో ఆమెలాంటి వాళ్ళకి పని అంటే ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని కాగితం పువ్వులు చుట్టడం. చితి దగ్గర పెట్టే పువ్వులవి. వాన్‌డీ ఏళ్ళ తరబడి చుట్టింది. చివరికి ఒకనాడు చేతిలో ఉన్న పువ్వు బల్ల మీద పెట్టేసి, "ఊరంతా ఒకేసారి పోయినా సరిపడేన్ని చుట్టాను. ఇక నావల్ల కాదు" అని లేచి చక్కా ఇంటికి పోయింది. ఇల్లంటే అన్నయ్య ఇంటి పెరట్లో ఒక గది. వదిన తలపట్టుకుంది.

ఆ వారంలోనే అరుణీ వచ్చింది. ఆసుపత్రివాళ్ళు కొత్తగా పెట్టుకున్న మనిషి. ఇలాంటివాళ్ళకి బజార్లో అందరూ చేసే అసలు సిసలు పని వెతికిపెట్టడం, వాళ్ళు ఆ పనిలో నిలదొక్కుకునేదాకా పక్కన ఉండటం, అదీ అరుణీ ఉద్యోగం. గుండ్రటి ముఖం, పెద్ద నవ్వు, దారి మధ్యలో పెట్రోలు అయిపోయే స్కూటరు. వస్తూనే అరుగు మీద చతికిలబడి, "వాన్‌డీ అక్కా, నీకేం పని చెయ్యాలనుంది?" అంది.

నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడిగినవాళ్ళు బోలెడుమంది. ఈ మాట అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. వాన్‌డీ చాలాసేపు ఆలోచించింది.

"చిటపటలాడే పని ఏదైనా."

"అంటే?"

"మా వదిన ఏదైనా వేయిస్తుంటే ఈయన గొంతు నాకు వినపడదు. ఆ కాసేపూ ప్రాణం హాయిగా ఉంటుంది. అలాంటి చోటు చూడు."

ఇంకొకళ్ళయితే నవ్వేవాళ్ళు. అరుణీ నవ్వలేదు. లేచి స్కూటరు తీసింది. "అయితే ఊళ్ళో నూనె కాగే చోటల్లా తిరుగుదాం, ఎక్కు" అంది.

అలా తిరిగి తిరిగి, ఇద్దరి బట్టలకీ వేపుడు వాసన పట్టేశాక, పాత మార్కెట్లో జే ఎంగ్ దుకాణం ముందు ఆగారు. జే ఎంగ్ అమ్మేది ఖనోమ్ క్రోక్. గుంటల పెనం మీద బియ్యప్పిండీ కొబ్బరిపాలూ పోసి కాల్చే బుల్లి పొంగణాలు, తియ్యగా, వెనకనించి కాస్త ఉప్పగా. జే అంటే అక్క. మార్కెట్లో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా జే అనే పిలుస్తారు, ప్రేమతో కాదు, భయంతో. అరుణీ చెప్పిందంతా విని జే ఎంగ్ వాన్‌డీని కిందికీ పైకీ చూసింది.

"చెవిలో ఎవరున్నా నాకనవసరం. పొంగణం మాడితే మాత్రం ఊరుకోను. ఈ వానాకాలం భిక్షువులు విహారంలో ఉన్నన్నాళ్ళూ చూస్తాను. వాళ్ళు వర్షావాసం ముగించి బయటికొచ్చే రోజున చెప్తాను, ఉంచుకుంటానో, పంపించేస్తానో."

మొదటిరోజు అరుణీ కూడా ఏప్రన్ కట్టుకుని రంగంలోకి దిగింది. పక్కన నిలబడి నేర్పిద్దామని ఆమె ఉద్దేశం. దిగిన కాసేపటికే పెనం నల్లగా పొగలు కక్కింది. జే ఎంగ్ ఒక్క ఉదుటున వచ్చి పిండి పోసే కెటిల్ లాక్కుంది. "ఈ అమ్మాయికి పని నేర్పడానికొచ్చావా, నా కొబ్బరిపాలు తగలెయ్యడానికొచ్చావా?" అంది. వాన్‌డీ ఎన్నేళ్ళకో కడుపుబ్బ నవ్వింది. ఆ తరవాత అరుణీ పెనం జోలికి పోకుండా తనకి చేతనైనది చేసింది. నాలుగు పనులు ఒక్కసారే పురమాయించొద్దని, ఒకటి అయ్యాక ఒకటి చెప్పమని జే ఎంగ్‌కి నచ్చజెప్పింది. ముసలాయన మరీ పేట్రేగితే వాన్‌డీ కాసేపు కూర్చోవడానికి ఐసుపెట్టెల వెనక ఒక స్టూలు వేయించింది. జే ఎంగ్ దానికి కూడా అలవాటు పడిపోయింది. వాన్‌డీ ముఖం ముడుచుకోగానే, "పో, పోయి ఆయన సంగతి తేల్చుకునిరా, నిప్పు నేను చూస్తాలే" అనేది.

ఇక ఆ పని సంగతి ఏం చెప్పమంటారు. గుంటల్లో నూనె రాసి, కెటిల్ వంచి పిండి పోస్తే సుయ్‌మంటుంది. దాని మీద చిక్కటి పాలు పోస్తే మళ్ళీ సుయ్. మూతలు పెట్టేసరికి లోపల గుసగుస, మూతలు తీసేసరికి అంచులు ఎర్రగా లేస్తాయి. చెంచాతో ఒకదాన్ని లేపి ఇంకొకదాని మీద బోర్లించి, అరిటాకు దొప్పలో పెట్టడమే. ఆ చప్పుడు కింద ముసలాయన ఎక్కడో గొణుగుతుంటాడు, వినపడదు. వాన్‌డీ వానలో తడుస్తూ పనికొచ్చేది, పాట పాడుకుంటూ ఇంటికెళ్ళేది. ఒక్కటే కోరిక పట్టుకుంది ఆమెకి. వర్షావాసం ముగిసిన రోజున జే ఎంగ్ నోట "ఉండు" అన్న మాట రావాలి. దానికోసం విహారంలో దణ్ణాలు పెట్టింది, అరటిపళ్ళు కూడా ఇచ్చింది.

అంతా ఇలా సాఫీగా నడుస్తుండగా ఒక ముసురు పొద్దున బొగ్గులు తడిసి సరిగ్గా అంటుకోలేదు. నిప్పు తగ్గింది, చప్పుడు తగ్గింది, ముసలాయన పైకొచ్చాడు. "మూడోది మాడింది. ఏడోది పచ్చిగా ఉంది. ఉప్పు కూడా ఎక్కువే" అన్నాడు.

వాన్‌డీకి ఒళ్ళు మండింది. "మూడోది మాడింది, ఏడోది పచ్చిగా ఉంది, నాకు కళ్ళు లేవా? కాసేపు నోర్మూసుకో" అంది, పైకే.

ఎదురుగా చేపలమ్మే సమ్రువాయ్ దొప్ప కోసం చెయ్యి చాపి నిలబడుంది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. వాన్‌డీకి ఈ సినిమా కొత్త కాదు. ఇప్పుడు ఎదుటి మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తుంది, తరవాత పక్కవాళ్ళతో గుసగుసలాడుతుంది, సాయంత్రానికి పని పోతుంది.

సమ్రువాయ్ ఒక అడుగు ముందుకేసింది.

"ఎవరితో మాట్లాడుతున్నావే?"

వాన్‌డీకి అబద్ధం చేతకాదు. "చెవిలో ఒకాయన ఉంటాడు పిన్నీ."

"ఏమన్నాడు?"

"అదే, మూడోది మాడింది, ఏడోది పచ్చిగా ఉందీ అని."

"మూడు. ఏడు." సమ్రువాయ్ ఆ రెండు మాటల్నీ నోట్లో చప్పరించింది. కళ్ళు మతాబుల్లా వెలిగాయి. దొప్ప కూడా తీసుకోకుండా, చేపల పొలుసు అంటిన చెప్పులతో ఒకటే పరుగు.

మావాళ్ళ సంగతి తెలిసిందే కదా. తోక తెగిన బల్లి కనిపిస్తే లాటరీ నంబరు, గాలికి చెట్టు పడితే లాటరీ నంబరు, ఆఖరికి మేనత్త ఆపరేషన్ చేయించుకుని లేస్తే ఎలా ఉన్నావని అడిగేముందు మంచం నంబరెంతని అడుగుతారు. మర్నాడు లాటరీ తీశారు. చివరి రెండంకెలు మూడూ ఏడూ.

ఆ మరుసటి రోజు వాన్‌డీ పనికొచ్చేసరికి దుకాణం ముందు వరస చేపల వీధి దాటి, చీపుళ్ళ కొట్లు దాటి, రోడ్డు మీదకి పోయింది. పొంగణాలక్కాదు. తాతగారి కోసం. అవును, ఆమె ముసలాయన రాత్రికి రాత్రి తాతగారైపోయాడు. ఆయనకి, మావైపు దేవతలకి పెట్టినట్టే, స్ట్రా పెట్టిన ఎర్ర సోడా సీసాలు వచ్చాయి, మల్లెదండలు వచ్చాయి. దండలు ఎక్కడ వెయ్యాలో తెలియక కెటిల్‌కి వేశారు. ఇద్దరు ముసలమ్మలు దుకాణం స్తంభానికి పౌడరు రుద్ది అంకెలు కనబడతాయేమోనని కళ్ళు చిట్లించుకుని చూశారు. ఒక రిటైరైన మేష్టారు చేతులు జోడించి, "అమ్మా, ఆ నిప్పు కాస్త తగ్గిస్తావా, తాతగారి మాటకి అడ్డొస్తోంది" అన్నారు. మాడిన పొంగణాలకి గిరాకీ పుట్టింది. బాగా కాలినవాటిని ముట్టుకునే నాథుడు లేడు.

నిజం చెప్పొద్దూ, వాన్‌డీకి మొదట్లో బాగానే ఉంది. తన సంగతి తెలిసీ జనం దగ్గరికొస్తున్నారు. "వాన్‌డీ, అన్నం తిన్నావా" అని బజారంతా పలకరిస్తోంది. అరుణీ వచ్చి ఈ తిరునాళ్ళ చూసి నోరు వెళ్ళబెట్టింది. "అక్కా, ఉద్యోగం దొరికేలా చెయ్యడం నాకు నేర్పారు గానీ, దేవత అయితే ఏం చెయ్యాలో నేర్పలేదు" అంది.

కానీ ముసలాయన చెడిపోయాడు. ఎన్నడూ ఎరగని మర్యాద ఒక్కసారి మీద పడేసరికి ఆయనకి కళ్ళు నెత్తికెక్కాయి. ఆకుపచ్చ సోడా ఎవడు తెచ్చాడన్నాడు, ఎర్రదే కావాలన్నాడు. ఆ దండ వాడిపోయిందన్నాడు. గొంతు పెంచాడు. జనం కోసం నిప్పు తగ్గించీ తగ్గించీ పెనం చప్పుడు సన్నబడేసరికి ఆయన మళ్ళీ కేకల దాకా వచ్చాడు. వాన్‌డీ పాట పాడుకోవడం మానేసింది. స్టూలు మీద కూర్చుందామని వెళ్తే అక్కడ కూడా ఇద్దరు పెన్సిళ్ళు పట్టుకుని తయారు. రోజూ పొద్దున్నే పిల్లల డబ్బాల్లోకి పొంగణాలు కొనుక్కెళ్ళే పాత ఖాతాదార్లు ఈ తోపులాటలో నిలబడలేక రావడం మానేశారు.

మళ్ళీ లాటరీ తీసే రోజు దగ్గరపడింది. దాని మర్నాడే వర్షావాసం ముగింపు. లాటరీకి ముందురోజు మధ్యాహ్నం వాన్‌డీ పెనం కడుగుతుంటే జే ఎంగ్ వచ్చి పక్కన కూర్చుంది. గొంతులో ఎప్పుడూ లేని తేనె.

"వాన్‌డీ, నువ్వు సాయంత్రం వేసుకునే ఆ మాత్ర ఉంది చూడు. ఇవాళొక్క రోజు మానేస్తే ఏం? తాతగారి మాట తేటగా వస్తుంది. నేనూ నా చెల్లెళ్ళూ అందరం కాచుకుని ఉన్నాం."

వాన్‌డీ పెనం ఇంకా గట్టిగా తోమింది.

"ఎల్లుండి వర్షావాసం అయిపోతుంది కదా. నాకు పనికొచ్చే మనిషిని నేనెందుకు వదులుకుంటాను చెప్పు" అని భుజం తట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం అరుణీ ఈ మాట విని అగ్గి మీద గుగ్గిలమైంది. "నేనిప్పుడే వెళ్ళి ఆవిడతో తేల్చేస్తాను. ఈ పని వద్దు, ఇంకోటి చూద్దాం. నూడుల్సు వేయించే చోటు ఒకటుంది."

"వద్దు. నాకు ఈ పెనమే కావాలి."

"మరి మాత్ర మానేస్తావా?"

"నాకు మతిపోయిందా? ఒక్కరోజు మానేస్తే ఏమవుతుందో జే ఎంగ్‌కి తెలియదు. నాకు తెలుసు. మళ్ళీ ఆ మంచం ఎక్కను." వాన్‌డీ కాసేపు వేళ్ళు విరుచుకుంది. "నన్ను పెట్టుకుంది పొంగణాలకా, ఆయనకా? అది తేలాలి అరుణీ. ఆయనకే అయితే ఆ ఉద్యోగం ఆయన్నే చేసుకోమను."

"నేనేం చెయ్యను మరి?"

"పొద్దున్నే వచ్చి పక్కన నిలబడు. పెనం మాత్రం ముట్టుకోకు."

అరుణీ తలూపింది. వెళ్ళబోతూ ఆగి, చెవి వెనక గోక్కుంటూ, "అక్కా, కోప్పడకు. మా అమ్మ కూడా ఏమైనా నంబరు కనుక్కురమ్మంది" అంది. వాన్‌డీ ఆమెను స్కూటరు దాకా తరిమింది. ఆ తరవాత లోపలికొచ్చి, తాతగారికి వచ్చిన ఎర్ర సోడా ఒకటి మూత తీసి, దాంతో తన మాత్ర మింగేసింది. ముసలాయన అన్యాయం అన్యాయమని గోల పెట్టాడు. సోడా చల్లగా బాగుంది.

మర్నాడు మార్కెట్లో ఇసకేస్తే రాలని జనం. సమ్రువాయ్ చేపల గంప మూసేసి ముందు వరసలో నిలబడింది. జే ఎంగ్ దగ్గరికొచ్చి గుసగుసగా, "మానేశావా?" అంది.

"వేసుకున్నాను జే."

జే ఎంగ్ ముఖం మాడిపోయింది. అరుణీ వాన్‌డీ పక్కన నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. వాన్‌డీ విసనకర్రతో బొగ్గులు విసిరింది. ఎవరో నిప్పు తగ్గించమన్నారు. వినిపించుకోలేదు, ఇంకా విసిరింది. పెనం తుడిచి, నూనె రాసి, కెటిల్ మెడలో దండ తీసి పక్కన పెట్టి, వంచింది. సుయ్‌మంది. ఆ చప్పుడుకి ఆమె భుజాలు కిందికి దిగాయి. పాలు పోసింది, మూతలు పెట్టింది, మూతలు తీసింది. తీసిన ప్రతి గుంటలోనూ ఒక్కలా ఎర్రటి అంచు, మధ్యలో తెల్లగా, మెత్తగా.

సమ్రువాయ్ మెడ చాచింది. "మాడినవెన్ని?"

"ఒక్కటీ లేదు పిన్నీ."

"పచ్చివి?"

"అవీ లేవు."

"సున్నా, సున్నా" అంది సమ్రువాయ్, ఊపిరి బిగబట్టి. ఆ మాట వరస చివరిదాకా పాకింది. వెనకనించి మేష్టారు, "తాతగారు ఏమంటున్నారో అడగండి" అన్నారు.

"ఉప్పెక్కువైందంటున్నాడు. రోజూ అదే అంటాడు."

ఉప్పుకి నంబరెంత అని గొడవ మొదలైంది. ఉప్పు సముద్రంలోది కాబట్టి ఇంత అని ఒకరు, కాదు కిలో ధర చూడాలని ఒకరు. చివరికి ఉప్పుకి నంబరు లేదని మేష్టారు తీర్పు చెప్పారు. సున్నా సున్నాయే ఖాయమైంది. క్షణంలో దుకాణం ముందు ఈగ లేదు. జే ఎంగ్ కూడా ఏప్రన్ విప్పేసి పరిగెత్తింది. డబ్బిచ్చిన దొప్పలన్నీ బల్ల మీద ఆవిర్లు కక్కుతూ మిగిలిపోయాయి. వాన్‌డీ జీవితంలో అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. ఒక్కరూ నోట్లో పెట్టుకోలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. అరుణీ ఒకటి తినబోయి నాలిక కాల్చుకుంది, రుచి తెలియలేదంది.

సాయంత్రం లాటరీలో వచ్చినవి నాలుగూ ఆరూ.

ఆ తిట్లు నేను రాయను. సమ్రువాయ్ వచ్చి తనిచ్చిన సోడా సీసా, సగం తాగినది, తిరిగి పట్టుకుపోయింది. ముసలమ్మలు తమ పౌడరు తామే తుడిచేసుకున్నారు. తాతగారు మళ్ళీ ఉత్త ముసలాయనైపోయాడు.

తెల్లారితే వర్షావాసం ముగింపు. వాన్‌డీ వచ్చేసరికి దుకాణం ముందు పిల్లి తప్ప ఎవరూ లేరు. జే ఎంగ్ స్టూలు మీద అటు తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వాన్‌డీకి అడగడానికి నోరు రాలేదు. అడిగితే సమాధానం చెప్పేస్తుందేమోనని భయం. అందుకని నిప్పు రాజేసింది. పిండి పోసింది. చప్పుడు లేచింది. పాత ఖాతాదారొకావిడ డబ్బా పట్టుకుని, అటూ ఇటూ చూసి, "హమ్మయ్య, పెళ్ళివారంతా పోయారా" అంటూ వచ్చి నింపించుకుంది. తరవాత సమ్రువాయ్ వచ్చింది, ముఖం ఇటు తిప్పకుండా.

"ఒక దొప్ప ఇయ్యి. తినడానికే."

తింది. ఇంకో దొప్పకి చెయ్యి చాపింది.

అప్పుడు జే ఎంగ్ ఇటు తిరిగింది. "ఏమంటున్నాడు మీ ముసలాయన?"

"ఏమంటాడు జే, ఉప్పెక్కువంటాడు."

జే ఎంగ్ లేచి వచ్చింది. పెనం మీంచి ఒక పొంగణం లేపి, ఊది, నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. కళ్ళు మూసుకుని మళ్ళీ నమిలింది. వాన్‌డీ చేతిలో కెటిల్ గాల్లోనే ఉండిపోయింది.

"ఎక్కువే" అంది జే ఎంగ్. "ఈ మధ్య ఎవరూ తిని చూడలేదు కాబట్టి సరిపోయింది. రేపట్నుంచి చిటికెడు తగ్గించు."

"అలాగే జే" అని వాన్‌డీ పెనం వైపు వంగింది. రెండు గుంటలు నింపింది. మూడోది నింపుతుండగా ఆమెకి ఆ మాట తలకెక్కింది. రేపట్నుంచి. కెటిల్ ఒరిగి పిండి పెనమంతా ఒలికింది, సుయ్‌మని పొగ లేచింది.

"విన్నావా? రేపట్నుంచి అంది, రేపట్నుంచి" అంది వాన్‌డీ, మార్కెట్ సగానికి వినపడేలా.

సమ్రువాయ్ ఉలిక్కిపడింది. నోట్లో పొంగణం అటూ ఇటూ తిప్పుకుంటూ, "ఏమన్నాడు, తాతగారు ఏమన్నాడే?" అంది.

"ఆయనేమీ అనలేదు పిన్నీ. ఇప్పుడు మాట్లాడింది నేను" అని వాన్‌డీ పెనం తుడుచుకుని మళ్ళీ కెటిల్ వంచింది.